పరగడుపు పరీక్ష

హఫోద్-వెన్, బాలా దగ్గర
16 జూలై 1984

నెస్టా అక్కా,

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరం ఎందుకంటావని తెలుసు. మనింటికి ఇంకా లైను రాలేదు. రోడ్డు పక్కన ఆ ఎర్ర ఫోను డబ్బాలో నిలబడితే నాకు సగం మాటలు రావు. అందుకే రాస్తున్నా.

మోట్ సంగతి. మొన్న శనివారం బాలాలో గొర్రెలు తోలే కుక్కల పోటీ జరిగింది. నాన్న చేతి కింద నేర్చుకున్న చివరి కుక్క కదా, వాడికి ఎనిమిదేళ్లు వచ్చినా ఊళ్లో వాళ్లంతా వాడి వరస ఎప్పుడొస్తుందా అని చూస్తారు. ఈల వేయగానే వెళ్లాడు, గొర్రెల వెనక చుట్టూ తిరిగి వచ్చాడు, రెండో గేటు దాకా చక్కగా తోలుకొచ్చాడు. అక్కడ పడుకున్నాడు. నేను పడుకోమని ఈల వేస్తే పొట్ట నేలకానించి కూర్చుంటాడే, అలా కాదు. వెనక కాళ్లు రెండూ చెరో పక్కకి జారిపోయి, తాగినవాడిలా. కంచె మీంచి మన పక్క పొలం ఎమ్లిన్ అరిచాడు, "ఏం గెథిన్, మీ వాడికి ఆదివారం ఇవాళే వచ్చిందా" అని. అందరూ నవ్వారు. మైదానం మధ్య దాకా నడిచి వెళ్లి వాణ్ణి ఎత్తుకుని బండి దగ్గరికి తెచ్చా. అంత దూరం అని అంతకు ముందెప్పుడూ అనిపించలేదు.

ఎమ్లిన్ భార్య జాం రాసిన రొట్టె ముక్క పెట్టింది. పది నిమిషాల్లో లేచి తోక ఊపుతున్నాడు, ఏమీ జరగనట్టు. దాంతో అది నటన అన్నారు.

జూన్‌లో కొండ మీంచి మంద దింపేటప్పుడు కూడా రెండుసార్లు ఇలాగే అయింది. తిండి బాగానే తింటాడు, కాస్త ఒళ్లు కూడా చేశాడు. కుక్కకి పని మీద విసుగు పుట్టడం అనేది ఉంటుందా? నువ్వు పశువైద్యం చదివినదానివి, చెప్పు.

కొట్టం పైకప్పు పలకలు నాలుగు గాలికి పోయాయి. మిగతా అంతా మామూలే.

నీ తమ్ముడు
గెథిన్


చెస్టర్
21 జూలై 1984

గెథిన్,

కుక్కలు విసుగుపుట్టి పడిపోవు. పడిపోయినప్పుడు తెలివిలో ఉందా? పిలిస్తే చూసిందా? నోట్లోంచి నురగ వచ్చిందా? కాళ్లు కొట్టుకున్నాయా? ఎంతసేపు? ఇవి నువ్వు రాయాల్సింది, కంచె మీద ఎవరేమన్నారో కాదు.

గుండె కావచ్చు, నడుము కావచ్చు, మూర్ఛ కావచ్చు. ఉత్తరంలో చెప్పలేను. మా ఆసుపత్రిలో మూడు వారాల దాకా ఖాళీ లేదు. ఆగస్టు 9, గురువారం, పది గంటలకి తీసుకురా. ముందురోజు సాయంత్రం భోజనం తర్వాత నీళ్లు తప్ప దానికి ఏమీ పెట్టకు. పరగడుపున రావాలి. మర్చిపోకు.

పలకలు నువ్వే ఎక్కి వేయకు. మనిషిని పిలిచి వేయించు.

నెస్టా


హఫోద్-వెన్
12 ఆగస్టు 1984

అక్కా,

క్షేమంగా చేరాం. దారంతా మోట్ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

నీకు ధన్యవాదాలు. అంత మంది విద్యార్థులు, అన్ని యంత్రాలు, తెల్లకోట్లు. నీ మాటకి వాళ్లు ఎలా లేచి నిలబడ్డారో చూశా, గర్వంగానే అనిపించింది.

ఒక్క మాట. రాయకూడదనుకుని రెండ్రోజులు ఆగా. వాళ్లతో నువ్వు నన్ను "కొండల్లోంచి వచ్చిన ఒక రైతు" అన్నావు. ఇంగ్లీషులో అంటే అర్థం కాదనుకున్నావా? మన భాషలో నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు, గుమ్మం దగ్గర కూడా. ఇంకోటి, మోట్‌ని "అది" "అది" అన్నావు. నాన్న వాడికి ఈల నేర్పుతున్నప్పుడు ఆ సెలవులకి నువ్వూ ఇంట్లోనే ఉన్నావు. వాడు నీ చెప్పు మీద తల పెట్టుకుని నిద్రపోయేవాడు.

ఫలితాలు వచ్చాక రాయి. ఈ నెలాఖరుకి పెద్ద కొండ మీంచి మంద దింపాలి, వాడు లేకుండా నాకు కుదరదు.

గెథిన్


చెస్టర్
20 ఆగస్టు 1984

గెథిన్,

రక్తం పరీక్షలన్నీ వచ్చాయి. చక్కెర మామూలుగా ఉంది. మూత్రపిండాలు, కాలేయం బాగున్నాయి. గుండె శబ్దం నేనే విన్నాను, లోపం లేదు. నడుము ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. మిగిలింది మూర్ఛ. నడివయసులో మొదలవడం తక్కువే గానీ అసలు లేకపోలేదు. మాత్రలు పార్సిల్‌లో పంపుతున్నా, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మొదట్లో కాస్త మత్తుగా ఉంటుంది, నెల రోజుల్లో సర్దుకుంటుంది.

ఇలాంటి కుక్కలకి ఉద్రేకం మంచిది కాదు. పనిలో నీ గొంతు తగ్గించుకో. యజమాని కోపం కుక్క ఒంట్లోకి వెళ్తుంది, ఇది నేను చాలా మంది దగ్గర చూశాను.

ఆ రోజు నాకు పద్నాలుగు కేసులున్నాయి. అందరితో ఎలా మాట్లాడానో నీతోనూ అలాగే మాట్లాడాను. దాన్ని పెద్దది చేయకు.

నెస్టా


హఫోద్-వెన్
2 సెప్టెంబరు 1984

నెస్టా,

మాత్రలు వేస్తున్నా. వాడు పగలంతా నిద్రపోతున్నాడు. లేచినా గోడని గుద్దుకుంటాడు. మంద దింపడానికి ఎమ్లిన్ కుక్కని అరువు తెచ్చుకున్నా. దానితో మంద తోలుకుని కిందికి వస్తుంటే మోట్ గుమ్మంలో నిలబడి చూశాడు.

నా గొంతు గురించి నీకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఎవరు చెప్పినా వాళ్లు అక్కడ ఉన్నవాళ్లే అయ్యుండాలి. ఇక నిన్ను ఇబ్బంది పెట్టను.

గెథిన్


చెస్టర్
18 నవంబరు 1984

గెథిన్,

అక్టోబరులో రాసిన రెండు ఉత్తరాలకీ జవాబు లేదు. ఇది మూడోది. దీనికి మాత్రం జవాబు ఇవ్వాలి. నా మీద కోపం అలాగే ఉంచుకో, జవాబు మాత్రం ఇవ్వు.

పోయిన వారం ఒక ముసలి టీచరమ్మ తన లాబ్రడార్‌ని తీసుకొచ్చింది. నడకకి తీసుకెళ్తే వెనక కాళ్లు జారి కూలబడుతుందట. వేరే చోట మూర్ఛ అని మాత్రలిచ్చారు. ఆవిడ వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "డాక్టరమ్మా, చక్కెర బిళ్ల నోట్లో పెడితే వెంటనే లేస్తుంది, అది మంచిదేనా" అని అడిగింది. తర్వాత ఇంటికెళ్లి నీ జూలై ఉత్తరం తీశాను. జాం రొట్టె అని రాశావు. పది నిమిషాల్లో లేచాడని రాశావు. ఒళ్లు చేశాడని కూడా రాశావు. నేను అడగాల్సినవన్నీ నేను అడక్కముందే నువ్వు రాశావు, నేనేమో ఏం రాయాలో నీకు నేర్పుతూ జవాబిచ్చాను.

క్లోమంలో ఒక రకం గడ్డ వస్తుంది. చాలా అరుదు, పదిహేనేళ్లలో నేను చూసినవి ఆరు. ఆ గడ్డ ఇన్సులిన్ తయారుచేస్తూనే ఉంటుంది. మామూలు కుక్కకి తిన్నాక ఇన్సులిన్ వస్తుంది, కడుపు ఖాళీ అయ్యాక ఆగిపోతుంది. ఈ కుక్కకి ఆగదు. పరిగెత్తినప్పుడు, ఆకలిగా ఉన్నప్పుడు రక్తంలో చక్కెర అంతా అయిపోయి మెదడుకి తిండి అందదు. అప్పుడు కాళ్లు జారతాయి. నిండు కడుపుతో రక్తం తీస్తే ఏమీ కనబడదు, అంతా బాగున్నట్టే ఉంటుంది.

అందుకని అడుగుతున్నా. ఆ గురువారం పొద్దున మోట్ ఏమైనా తిన్నాడా?

నెస్టా


హఫోద్-వెన్
22 నవంబరు 1984

అక్కా,

తిన్నాడు.

తెల్లవారకముందే లేచాం. నేను జావ తాగుతుంటే వాడు ఖాళీ గిన్నె ముందు కూర్చున్నాడు. అడగడు, ఊరికే కూర్చుంటాడు, నీకు తెలుసు వాడి సంగతి. నా జావలో సగం పోశాను. దారిలో బండి ఆపినప్పుడు ఎండుద్రాక్ష రొట్టె వెన్న రాసి ఇద్దరం తిన్నాం. నువ్వు వద్దన్నావని గుర్తుంది. కానీ ఎందుకో నువ్వు రాయలేదు. వాంతి చేసుకుంటే మీ నేల పాడవుతుందని పెట్టిన రూలు అనుకున్నా. వాడికి బండిలో వాంతి రాదు, ఆ సంగతి నాకు తెలుసు కదా అనుకున్నా.

అక్కడ ఒక అమ్మాయి కాగితం పట్టుకుని "పరగడుపేనా?" అని అడిగింది. నువ్వు పక్కనే ఉన్నావు. నన్ను ఎవరో రైతు అన్నావు అప్పుడే. అవునన్నాను.

ఇంకోటి కూడా చెప్పేస్తా, లేకపోతే ఇక ఎప్పటికీ చెప్పను. పోటీ రోజు వాణ్ణి ఎత్తుకుని బండి వెనక్కి తీసుకెళ్లాక, ఎవరూ చూడకుండా, చేతికర్రతో రెండు దెబ్బలు కొట్టాను. వాడు లేవలేక పడున్నవాడు. ఆ తర్వాతే ఎమ్లిన్ భార్య రొట్టె తెచ్చింది. నువ్వు కోపం గురించి రాసినప్పుడు, ఎవరో చూసి నీకు చెప్పారనుకున్నా. అందుకే రాయడం మానేశాను.

గత నెలలో మూడుసార్లు పడ్డాడు. ఒకసారి కాళ్లు కొట్టుకున్నాయి, నన్ను గుర్తుపట్టలేదు.

ఇప్పుడేం చేయమంటావు చెప్పు. ఈసారి చెప్పింది చెప్పినట్టు చేస్తా.

గెథిన్


చెస్టర్
24 నవంబరు 1984

తమ్ముడూ,

నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అందరు యజమానులకీ చెప్పే మాట నీకూ రాశాను, అంతే.

డిసెంబరు 3, సోమవారం తీసుకురా. ఈసారి పరగడుపున వద్దు. బయల్దేరేముందు కడుపునిండా పెట్టు, దారిలోనూ పెట్టు. అప్పటిదాకా నాలుగు గంటలకోసారి కొంచెం కొంచెం పెడుతూ ఉండు. మాంసం, ఓట్స్ ఏదైనా సరే, తీపి మాత్రం వద్దు. తీపి పెడితే ఆ గడ్డ ఇంకా రెచ్చిపోయి, గంట తర్వాత మరింత ఘోరంగా పడిపోతాడు. పూర్తిగా కూలిపోతే మాత్రం చిగుళ్లకి కాస్త తేనె రుద్ది, వెంటనే కడుపుకి ఏదైనా పెట్టు. పరుగు వద్దు. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా మానకు, సగం చెయ్యి. ఆకలితో ఉంచే పని వార్డులో మా కళ్లముందు మేం చేస్తాం.

నువ్వు రాసిన మిగతావాటికి ఎదురుగా జవాబు చెప్తా.

నెస్టా


చెస్టర్
9 డిసెంబరు 1984

తమ్ముడూ,

మందని వదిలి ఇక్కడ ఉండలేక నువ్వు వెళ్లిపోయాక జరిగింది రాస్తున్నా.

పొద్దుటి నుంచి తిండి ఆపాం. గంటగంటకీ నేనే రక్తం తీశాను, ఇంకొకర్ని ముట్టుకోనివ్వలేదు. పదకొండుకి వాడి వెనక కాళ్లు వణకడం మొదలైంది. చక్కెర ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు. ఆ నిమిషంలో తీసిన రక్తంలోనే ఇన్సులిన్ కొలవమని పంపాం. ఏమీ ఉండకూడని సమయంలో, అప్పుడే విందు భోజనం చేసినవాడికి ఉన్నంత ఉంది. ఇక సందేహం లేదు.

ఆపరేషన్ మా సహోద్యోగి చేశాడు. నేను వాడి తల దగ్గర ఉన్నా. క్లోమం చివర బఠాణీ గింజంత గడ్డ, వేలికి గట్టిగా తగిలింది. దాన్ని తీసేశాం. తర్వాత కాలేయం తిప్పి చూశాం. తెల్లటి మచ్చలు మూడు, బియ్యపు గింజలంత. అవి తీయడానికి వీలు లేని చోట ఉన్నాయి. గడ్డ అక్కడికి పాకింది, గెథిన్. ఇంకొన్ని నెలలు బతుకుతాడు, బహుశా ఏడాది. మాత్రలు, రోజుకి ఐదుసార్లు తిండి. పని వద్దు.

ఆగస్టులోనే తెలిసుంటే ఇంత దాకా వచ్చేదా? ఇది నువ్వు అడగలేదు. మొన్న వార్డులో వాడి పక్కన కూర్చుని అడగాలనుకుని ఆగిపోయావు, నాకు తెలిసింది.

తప్పు జావలో లేదు. ఒక్క పరీక్షతో తేల్చేయకండి, పరగడుపున మళ్లీ మళ్లీ తీయండి అని ఏటా క్లాసులో చెప్పేది నేనే. కథ అంతా నీ ఉత్తరంలో ఉంది. నిన్ను పక్క గదిలోకి తీసుకెళ్లి టీ ఇచ్చి, మన మాటల్లో "పొద్దున వాడికేమైనా పెట్టావా రా" అని అడిగుంటే, పెట్టానక్కా అనేవాడివి. అడగలేదు. తమ్ముడని చెప్తే వరస తప్పించి చూపించానంటారని భయపడ్డా. అది సగం నిజం. మిగతా సగం ఏంటంటే, నీ బూట్లకి పేడ ఉంది, ఆ పిల్లలు దాన్ని చూశారు, వాళ్లు చూడటం నేను చూశాను.

గురువారం వచ్చి తీసుకెళ్లు. వాడు తింటున్నాడు.

నెస్టా


హఫోద్-వెన్
3 మార్చి 1985

అక్కా,

గొర్రెలు ఈనుతున్నాయి, కాబట్టి చిన్నగా రాస్తా. ఇప్పటికి నలభై రెండు పిల్లలు, కవలలు ఎక్కువ.

మోట్ బాగున్నాడు. ఐదు పూటలు తింటాడు, నాకు ఆ ఐదు పూటల వల్లే రోజు తెలుస్తోంది. డిసెంబరు నుంచి రెండుసార్లే తూలాడు. ఎమ్లిన్ కోడి మాంసం పట్టుకొచ్చాడు, మోట్ గిన్నెలో వేసి, "ఆ రోజు నేనన్నదానికి" అన్నాడు. నేను సరేలే అన్నా. నేనేం చేశానో ఎమ్లిన్‌కి చెప్పలేదు. నాలుగుసార్లు చెప్పబోయా.

ఆ బూట్లు నేనూ చూసుకున్నా. మీ ఆసుపత్రి ముందు గడ్డిలో తుడిచాను, పోలేదు. కాబట్టి దాని గురించి ఇక వదిలెయ్.

కష్టమల్లా పొద్దున పూట. నేను కర్ర తీస్తే గుమ్మం దగ్గర నిలబడతాడు. "ఉండు" అని వెళ్లిపోతా. తిరిగొచ్చేదాకా అక్కడే ఉంటాడు.

గెథిన్


హఫోద్-వెన్
11 ఆగస్టు 1985

అక్కా,

మోట్ శుక్రవారం పోయాడు. మన ఊరి పశువుల డాక్టరు ప్యూ గారు ఇంటికొచ్చారు. వంటింట్లో పొయ్యి పక్కన, నా ఒళ్లో. కాళ్లు కొట్టుకోవడం రెండు గంటలపాటు ఆగలేదు, తేనె రుద్దినా ఆగలేదు. చివరికి సూది వేయమని నేనే చెప్పా. కొట్టం వెనక, నాన్న కుక్కలన్నీ ఉన్న వరసలో పాతిపెట్టాను.

ఒకటి నీకు చెప్పకుండా చేశాను. మంగళవారం పొద్దున వాడికి బాగా పెట్టి, గంట ఆగి, కింది పొలంలోకి తీసుకెళ్లా. అక్కడ ఇరవై గొర్రెలున్నాయి. ఈల వేశాను. ఒకసారి నా మొహం చూశాడు, నిజమేనా అన్నట్టు. తర్వాత వెళ్లాడు. పరిగెత్తలేదు, నడిచాడు. ముసలాయన నడకే, కానీ ఒక్క గొర్రె కూడా పక్కకి పోలేదు. గేటు దాకా తెచ్చి, దాటించి, నా కాలి దగ్గర పడుకున్నాడు. పడిపోలేదు, పడుకున్నాడు. ఆ తేడా నాకిప్పుడు తెలుసు. నేను నేల మీద కూర్చుని వాడికి క్షమాపణ చెప్పా. కుక్కకి అర్థం కాదు, నాకు తెలుసు. వాడు గొర్రెల వైపు చూస్తున్నాడు.

మూడు రోజుల తర్వాత పోయాడు. ఆ నడక వల్లేనా? పని వద్దని నువ్వు స్పష్టంగా రాశావు, ఎందుకో కూడా రాశావు. తెలిసే చేశాను. నన్ను ఓదార్చడానికి కాకుండా, డాక్టరుగా చెప్పు.

గెథిన్


చెస్టర్
14 ఆగస్టు 1985

తమ్ముడూ,

ఉత్తరం అందాక క్లాసు రద్దు చేసి గదిలో కూర్చున్నా.

డాక్టరుగా చెప్తున్నా. నాకు తెలియదు. జూలైలో ప్యూ గారు పంపిన రక్తం చూశాక, ఇంక వారాలే అనుకున్నా, నీకు రాయలేదు. ఆ నడక కొన్ని రోజులు తీసుకుపోయి ఉండొచ్చు. ఏమీ తీసుకుపోకపోయి ఉండొచ్చు. చెప్పగల పరీక్ష లేదు. కిందటేడు ఆగస్టులో నేను సరిగ్గా చూసుంటే వాడికి ఇంకో రెండేళ్లు వచ్చేవా అని నేను నన్ను అడుగుతూనే ఉన్నా. దానికీ పరీక్ష లేదు. కాకపోతే నువ్వు తీసుకుపోయిందేదైనా ఉంటే రోజులు, నేను పోగొట్టింది నాలుగు నెలలు. ఈ లెక్కలో మనిద్దరం సమానం కాదు, అలా అని నాకు చెప్పకు.

నువ్వు ముందే రాసి అడిగుంటే వద్దనేదాన్ని. అడక్కపోవడమే మంచిదైంది.

నాన్న పోయినప్పుడు మూడు రోజులు సెలవు పెట్టి వచ్చి, రెండో రోజే తిరిగొచ్చేశాను. ఎందుకని నువ్వెప్పుడూ అడగలేదు. విద్యార్థులకి పరీక్షలున్నాయని చెప్పాను. పరీక్షల్లేవు. కొట్టం వెనక నువ్వు ఒక్కడివే నిలబడుంటే మీద చెయ్యి వేయడం చేతకాక వచ్చేశాను.

శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నా. వారం ఉంటాను. ఎండుగడ్డి లోపలికి చేరలేదని ఎమ్లిన్ వాళ్లావిడ కార్డు రాసింది. నాకు పాత బూట్లు ఏవైనా తీసి ఉంచు.

నీ అక్క
నెస్టా